ఐలా దీవిలో పెద్దబాతులను చూడాలంటే
స్కాట్లండ్ పడమటి తీరంలోని ఐలా దీవికి పక్షుల కోసం వెళ్ళదలచినవారు అక్టోబరు రెండో సగాన్ని ఎంచుకోవడం మేలు; శీతాకాలం గడపడానికి గ్రీన్‌లాండ్ నుండి వచ్చే వేలాది బార్నకిల్ పెద్దబాతులు అప్పటికి దిగి ఉంటాయి. అవి రాత్రివేళ లాఖ్ గ్రూనార్ట్ అనే సముద్రపు పాయ బురదనేలల మీద విశ్రమించి, తెల్లవారగానే చుట్టుపక్కల పచ్చికబయళ్ళకు మేతకు లేస్తాయి కనుక, సూర్యోదయానికి అరగంట ముందే అక్కడికి చేరుకోవాలి. పగలు మేస్తున్న గుంపులను చూసేటప్పుడు మాత్రం కారు దిగకండి. మనిషి ఆకారం కనబడితే లేచిపోయే పక్షులు, ఆగి ఉన్న వాహనాన్ని అంతగా పట్టించుకోవు. అయితే ఇరుకు దారుల్లో ఎదురు బండ్ల కోసం వదిలిన చోట కారు నిలపరాదు. అద్దం సగం దించి, మడిచిన శాలువాను దాని అంచున వేసి బైనాక్యులర్ ఆనించుకుంటే చేయి వణకదు. ఆ దీవి గాలిలో అది చిన్న సౌకర్యమేమీ కాదు.