గర్భసంచి తీయించుకున్నవాళ్లు ముందు ఆపరేషన్ కాగితం వెతకండి

స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎముకలు గుల్లబారాయని వచ్చే ఆడవాళ్లను నేను ముందు కాల్షియం గురించి అడగను. "పెద్దాపరేషన్ అయిందా, కాగితాలున్నాయా?" అంటాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్నది మన ఆంధ్ర, తెలంగాణల్లోనే మరి.

డిశ్చార్జ్ కాగితంలో అండాశయాలు కూడా తీశారా అన్నది చూడాలి. రెండూ తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడిగినట్టు. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముకను అరగదీసే కణాలకు ఇక అడ్డుండదు. కాగితం దొరక్కపోతే స్కానింగ్, రక్తపరీక్షలతో డాక్టర్లు ఒక అంచనాకు వస్తారు.

45 ఏళ్లలోపే ఇలా జరిగితే, వేరే ఇబ్బంది లేనివాళ్లకు మామూలుగా ముట్లు ఆగే వయసుదాకా హార్మోన్ వాడమంటారు. గర్భసంచి లేదు కాబట్టి చాలామందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. గర్భసంచి ఉన్నవాళ్లు మాత్రం ప్రొజెస్టిరాన్ కూడా వాడాలి, లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా పోవచ్చు. పక్కింటావిడ మాత్రలు అడిగి తెచ్చుకోవద్దనేది ఇందుకే.

రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, కాలేయ జబ్బు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కారణం తెలియని రక్తస్రావం, వీటిలో ఏది ఉన్నా అడక్కముందే డాక్టరుకు చెప్పండి. రక్తం గడ్డల భయం ఉంటే చర్మానికి రాసే జెల్, అంటించే ప్యాచ్ గురించి అడగండి. మాత్రలకంటే వాటితో ఆ ముప్పు తక్కువ.

60 దాటాక ఎముకల కోసమని హార్మోన్ కొత్తగా మొదలుపెట్టడం అరుదు. దీనికి ఒక కారణం 2002లో అమెరికాలో మధ్యలోనే ఆపేసిన పెద్ద హార్మోన్ అధ్యయనం. రెండు హార్మోన్లు కలిపి వాడినవాళ్లకు ఎముకలు విరగడం తగ్గింది కానీ రొమ్ము క్యాన్సర్, పక్షవాతం పెరిగాయి.

ఆ వయసులో డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష, తీయించండి. ఉచిత క్యాంపుల్లో మడమ మీద పెట్టే మిషన్ దానికి సాటి రాదు. డెక్సా రిపోర్టులో టి-స్కోరు (మీ ఎముకను ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే ఎముకల మందు అవసరమవుతుంది. వారానికోసారి వేసే అలెండ్రొనేట్ అయితే పరగడుపున, మంచినీళ్లతోనే మింగి, అరగంట ఇంకేమీ తినకుండా, తాగకుండా, పడుకోకుండా ఉండాలి. కాఫీ పడందే కళ్లు తెరవని మా ఆడపడుచుకు ఈ అరగంటే పెద్ద శిక్ష! ఆరునెలల ఇంజెక్షన్ డెనోసుమాబ్ అయితే తేదీ దాటనివ్వకండి, ఆలస్యమైతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

రాగిజావ, పెరుగు మామూలే. హార్మోన్ ఆపితే ఎముక మళ్లీ తరగడం మొదలవుతుంది, కాబట్టి ఆపేముందే తర్వాతి మందేమిటో అడిగి రాయించుకోండి.