కొత్త నవలకు సమీక్ష రాసే ముందు

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల వేళకు సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న నవలలు చాలా వస్తాయి. వాటిలో చాలావాటికి దక్కేది ఒకటో రెండో సమీక్షలే కాబట్టి, రాసే ముందు వీటిని సరిచూసుకోవాలి.

అపరాధ పరిశోధన నవల అయితే, ముడి విప్పే వాక్యం ఒక్కటి కూడా సమీక్షలో లేకుండా చూసుకోండి. ఒకసారి చదివేసిన రహస్యాన్ని పాఠకుడు మరచిపోలేడు, ఆ నష్టాన్ని తర్వాత ఏ సవరణా పూడ్చలేదు.

రచయిత మీ మిత్రుడైనా, పుస్తకాన్ని ఉచితంగా పంపినా, ఆ మాట మొదటే చెప్పండి.

చారిత్రక నవలలో తప్పు పట్టే ముందు మీరే నిర్ధారించుకోండి. కాకతీయుల నాటి వంటింట్లో ఎండుమిరపకాయలు కనిపిస్తే అది నిజంగా పొరపాటే, ఎందుకంటే ఓరుగల్లు 1323లో పతనమైతే, మిరప పోర్చుగీసువారితో మన దేశానికి వచ్చింది 16వ శతాబ్దంలో. ఇంత స్పష్టమైన ఆధారం లేనప్పుడు ఆక్షేపణను సందేహంగానే రాయడం న్యాయం.

మాండలికాన్ని అచ్చుతప్పుగా లెక్కించకండి. “పోయిండు”, “ఒచ్చినాడు” రచయిత ఎంచుకున్న మాటలు. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు విరిగిన ఒత్తులు మాత్రం దోషాలే.

దోషాలు చూపేటప్పుడు పేజీ సంఖ్యను, ముద్రణను పేర్కొనండి. కొద్ది ప్రతులే వేసుకునే రచయిత తర్వాతి విడతలోనే వాటిని దిద్దుకోగలుగుతారు.