ఈసీ2 సర్వర్ నుంచి ఏఎంఐ తీయడం, వాడడం

సర్వర్‌ను ఒకసారి సరిగ్గా అమర్చుకుని, దాన్నే అచ్చుగా పెట్టి కావలసినన్ని సర్వర్లు లేపడానికి అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లో, అక్కడి అద్దె సర్వర్లైన ఈసీ2 కోసం వాడేది ఏఎంఐ (అమెజాన్ మెషిన్ ఇమేజ్). అందులో ఉండేవి ఈబీఎస్ డిస్కుల (సర్వర్‌కు తగిలించే క్లౌడ్ డిస్కుల) స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి తీసిన కాపీలు), ఏ డిస్కు ఎక్కడ తగలాలన్న పట్టిక, ప్రాసెసర్ రకం. ఐపీ అడ్రసు, సెక్యూరిటీ గ్రూపు (ఏ ట్రాఫిక్ లోపలికి, బయటికి వెళ్లవచ్చో చెప్పే రూల్స్), ఐఏఎం రోల్ (సర్వర్‌కు ఇచ్చే అనుమతులు) రావు. ఇన్‌స్టెన్స్ స్టోర్‌లోని (సర్వర్‌లోనే ఉండే తాత్కాలిక డిస్కులోని) డేటా కూడా రాదు.

లైవ్ సర్వర్ మీద శుభ్రం చేసే పని పెట్టుకోవద్దు. దాని నుంచి ఒక కచ్చా ఇమేజ్ తీసి, దానితో చిన్న సర్వర్ లేపి, తుడిచేదంతా అక్కడ తుడవండి. ఆ సర్వర్‌కు పెట్టే సెక్యూరిటీ గ్రూపులో అవుట్‌బౌండ్ (బయటికి వెళ్లే) రూల్స్ తీసేయండి. లేకపోతే క్రాన్ పనులు (వేళకు వాటంతటవే నడిచేవి) అక్కడ కూడా నడిచి కస్టమర్లకు అవే మెయిళ్లు రెండోసారి వెళతాయి. లోపలికి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) తెరిచి ఉంటే చాలు, మీరు లాగిన్ కావచ్చు.

తుడవాల్సినవాటిలో మొదటిది ఆథరైజ్డ్ కీస్ ఫైలు, ఏ కీలతో లాగిన్ కావచ్చో అందులో ఉంటుంది. కొత్త సర్వర్‌కు కొత్త కీ ఇచ్చినా పాతవి పోవు, కొత్తది వాటి కింద చేరుతుంది. ఎప్పుడో ఉద్యోగం మానేసినవాళ్ల కీ కూడా అలాగే పని చేస్తూ ఉంటుంది. తర్వాత కమాండ్ హిస్టరీ, పాత లాగ్‌లు, కాన్ఫిగ్ ఫైళ్లలోని పాస్‌వర్డ్‌లు. సర్వర్ గుర్తింపు సంఖ్య ఉండే మెషిన్ ఐడీ ఫైలును ఖాళీ చేయండి, తీసేయకండి. అన్ని సర్వర్లకూ ఒకే ఐడీ ఉంటే కొన్ని మానిటరింగ్ ఏజెంట్లు వాటిని ఒకటే యంత్రమనుకుంటాయి. బూట్‌లో ఏ డిస్కులు తగలాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో అదనపు డిస్కులను యూయూఐడీతో (డిస్కు ప్రత్యేక గుర్తుతో) రాసి, డిస్కు లేకపోయినా బూట్ సాగనిచ్చే నోఫెయిల్ చేర్చండి. అది లేక, డిస్కు కూడా లేకపోతే బూట్ మధ్యలోనే ఆగి, ఎస్ఎస్‌హెచ్ కూడా అందదు.

ఇప్పుడు శుభ్రం చేసిన ఆ చిన్న సర్వర్‌ను స్టాప్ చేసి, ఈసీ2 కన్సోల్‌లో యాక్షన్స్‌లో ఇమేజ్ అండ్ టెంప్లేట్స్ కింద క్రియేట్ ఇమేజ్ నొక్కండి. పేరులో తేదీ పెట్టండి. నడుస్తున్న సర్వర్ నుంచి తీస్తే అది మామూలుగా రీబూట్ అవుతుంది. రీబూట్ టిక్ తీసేయవచ్చు, కానీ మెమరీలో ఉండి ఇంకా డిస్కుకు చేరని రాతలు ఇమేజ్‌లోకి రావు. డేటాబేస్ ఉన్న సర్వర్‌కు అది మంచిది కాదు.

ఇమేజ్ స్థితి పెండింగ్ నుంచి అవైలబుల్‌కు మారాక, అసలు అవసరం రాకముందే ఒకటి లేపి లాగిన్ అయి చూడండి. గ్రావిటాన్ (ఆర్మ్ ప్రాసెసర్) సర్వర్ నుంచి తీసిన ఇమేజ్ టీ3 (ఎక్స్86 ప్రాసెసర్) మీద లేవదు. రూట్ డిస్కును స్నాప్‌షాట్ కన్నా చిన్నది చేయలేరు, పెద్దది చేయవచ్చు. మొదట్లో డిస్కు నత్తనడక నడిస్తే కంగారు వద్దు, డిస్కు బ్లాకులు ఎస్3 (స్నాప్‌షాట్లు దాచే ఏడబ్ల్యూఎస్ నిల్వ) నుంచి మొదటిసారి చదివినప్పుడే దిగుతాయి.

ఏఎంఐ ఒక రీజియన్‌కే (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల సమూహానికే) పరిమితం. ముంబైలో తీసింది హైదరాబాద్‌లో కనపడదు, కాపీ ఏఎంఐ చేయాలి. 2022 నవంబరులో వచ్చిన హైదరాబాద్ రీజియన్‌ను ముందు అకౌంట్‌లో ఎనేబుల్ చేసుకోవాలి. ఎన్‌క్రిప్ట్ చేసిన ఇమేజ్‌ను ఇంకో అకౌంట్‌కు పంచాలంటే, ఆ ఎన్‌క్రిప్షన్‌కు మీ సొంత కేఎంఎస్ కీ (ఏడబ్ల్యూఎస్ కీ సేవలో మీరు చేసుకున్న కీ) ఉండాలి. ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్ కీతో లాక్ చేసినది పంచలేరు.

పాత ఏఎంఐలు తీసేసేటప్పుడు ముందు డీరిజిస్టర్ (ఏఎంఐని జాబితాలోంచి తీసేయడం), తర్వాత స్నాప్‌షాట్ డిలీట్. డీరిజిస్టర్‌తో ఊరుకుంటే స్నాప్‌షాట్లు మిగిలిపోయి, నెలనెలా బిల్లు వస్తూనే ఉంటుంది.