షెడ్డు ర్యాంపు: పగుళ్లు, కుంగుడు, జారుడు - ఎందుకు, ఏం చేయాలి

మా ఇల్లు కర్నూలు శివార్లలో, నల్లరేగడి నేలలో ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నాం. వాన నీళ్లు లోపలికి రాకూడదని బేస్‌మెంటు అడుగున్నర ఎత్తు లేపించాం. మందు కొట్టే స్ప్రేయరు, బోరు మోటారు, శనక్కాయల మూటలు, పాత మోపెడ్ అన్నీ ర్యాంపు మీదుగానే ఎక్కాలి. మొదట వేయించిన ర్యాంపు ఒక్క వానాకాలం కూడా సరిగా నిలవలేదు. పగలగొడుతుంటే తెలిసింది, కాంక్రీటు గట్టిగానే ఉంది, కింద మట్టే కాళ్లు లాగేసింది. అందుకే సిమెంటు బస్తా కొనేముందు గడ్డపార తీసుకోండి.

గడప దగ్గర ర్యాంపు దిగిపోయి మెట్టు తేలింది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. బేస్‌మెంటు కోసం తవ్విన గుంతను అదే మట్టితో, ఇటుక ముక్కలతో పూడ్చేస్తారు. పైన నాలుగు బకెట్ల నీళ్లు పోసి "అదే కుదురుకుంటుంది లే అన్నా" అంటాడు బేల్దారి. కుదురుకోవడం నిజమే, కాకపోతే ర్యాంపు వేసిన తర్వాత!

సుత్తితో పైన మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టే. పక్కనుంచి గడ్డపార దించితే బరువు వేయకుండానే దిగిపోతుందా? అయితే పైన ఎంత సిమెంటు పూసినా దండగ. ఆ మూడు నాలుగు అడుగుల ముక్కను పగలగొట్టి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, గరుసు (మొరం) నింపండి. ఒకేసారి కుమ్మరించొద్దు. అరడుగు పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే ఇంకో అరడుగు. తడి ఎంత ఉండాలంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు.

కుంగడం ఆగిపోయి, అర అంగుళం తేడా మాత్రమే మిగిలితే, పల్చగా సిమెంటు పూత పూయొద్దు. నెల తిరక్కుండా పెంకులా లేచిపోతుంది. రెండంగుళాల లోతు చెక్కి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పూసి, చిన్న కంకరతో కాంక్రీటు నింపాలి.

ఇక్కడ బేల్దారులతో నాకు ఒక పేచీ ఉంది. ర్యాంపును బేస్‌మెంటుకు కమ్మి దించి కలిపేద్దామంటారు. రేగడి నేలలో వద్దు. షెడ్డు లోతైన పునాది మీద నిలబడింది, ర్యాంపు పైమట్టి మీద పడుకుంది. రెండూ ఒకేలా కదలవు, కలిపితే కలిపిన చోటే విరుగుతుంది. మధ్యలో అర అంగుళం థర్మాకోల్ షీటు పెట్టి వదిలేయండి. బేస్‌మెంటుకు నాలుగంగుళాల అంచు బయటికి ఉంటే ర్యాంపు తలను దానిమీద ఆనించండి, అతికించకండి.

నడుమ అడ్డంగా పగిలింది

ముందు పగులు బతికుందో చచ్చిందో చూడాలి. దాని మీద అడ్డంగా వేలెడంత సిమెంటు పట్టీ పూసి, పక్కన తేదీ రాయండి. ఎండాకాలం పోయి వానలు పడేసరికి పట్టీ చిట్లితే నేల ఇంకా కదులుతున్నట్టు. చిట్లకపోతే అది ఆరేటప్పుడు వచ్చిన పగులు, నింపేసి మర్చిపోవచ్చు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దానికి మందు కొత్త ర్యాంపే. రేగడిని కనీసం రెండడుగులు తీసేసి గరుసు వేయండి. తీసిన చోట ఒట్టి ఇసుక పోయొద్దు. ఇసుకలో నీళ్లు చేరి, చుట్టూ ఉన్న రేగడికి నిదానంగా తాగిస్తాయి. అనంతపురం వైపు ఎర్రనేలలో ఇంత తవ్వకం అక్కర్లేదు, దిమ్మిస బాగా పడితే చాలు.

పలక మందం ఐదంగుళాలు, సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1½:3. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుకు ఐదు బస్తాలు పడతాయి. 8 ఎంఎం కమ్మితో మెష్ కట్టి, కింద కవర్ బ్లాకులు (మెష్‌ను నేలకు తగలకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మెలు) పెట్టండి. నేల మీద పడుకున్న మెష్ ఉన్నా లేనట్టే. మధ్యలో పలక మందంలో నాలుగో వంతు లోతున ఒక గీత కోయించండి. పగలాల్సి వస్తే ఆ గీతలోనే పగులుతుంది.

పైన పొడి రాలుతోంది

నీళ్లు ఎక్కువైనా, ఆరకముందే పైన పొడి సిమెంటు చల్లినా, క్యూరింగ్ (పోశాక రోజూ తడపడం) సరిగా చేయకపోయినా ఇదే జరుగుతుంది. యాభై కిలోల బస్తాకు పాతిక లీటర్ల నీళ్లు చాలు. వాలు మీద పల్చటి కాంక్రీటు ఎలాగూ కిందికి జారుతుంది. మన ఎండల్లో పొద్దుగూకాక పోయించి, తెల్లారినుంచి గోనెపట్టలు కప్పి పది పద్నాలుగు రోజులు తడపాలి. పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది, అప్పటిదాకా మూటల బండి ఎక్కించకండి.

మోపెడ్ కడుపు గీసుకుంటోంది, బండి తోయలేకపోతున్నాం

వాలు ఎక్కువైంది. ఒక అడుగు ఎత్తుకు ఎనిమిది అడుగుల పొడవు లెక్క పెట్టుకోండి, అంటే మా అడుగున్నరకు పన్నెండు అడుగులు. చక్రాల కుర్చీ కూడా వెళ్లాలంటే ఒకటికి పన్నెండు, అంటే పద్దెనిమిది అడుగులు. చోటు లేకపోతే ర్యాంపును గోడ పక్కగా మలుపు తిప్పండి. గీసుకోవడం ఒక్కటే సమస్య అయితే, తలమీది మొనను చెక్కి గుండ్రంగా చేస్తే సరిపోతుంది.

తడిస్తే జారుతోంది

నున్నగా తాపీ తోమించి ఉంటారు. పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు లాగాలి. గట్టిపడిపోయిన దానికి ఉలితో గాట్లు పెట్టించడమే దారి. బేతంచెర్ల బండలు పరిచినవాళ్లు పాలిష్ వైపు పైకి పెట్టకుండా చూసుకోండి. వాటి కింద మాలు నిండుగా లేకపోతే చక్రం పడ్డచోట బండ విరుగుతుంది.

వాన నీళ్లు షెడ్డులోకే పోతున్నాయి

ర్యాంపు తల షెడ్డు నేలకంటే అర అంగుళం కిందికి ఉండాలి. రేకుల నీళ్లు ర్యాంపు మీద పడుతుంటే ముందు దోనె కట్టించండి. మాకు అది కట్టించడానికి రెండు వానాకాలాలు పట్టింది, ర్యాంపు పక్కన మట్టి కోసుకుపోయాక గానీ బుద్ధి రాలేదు.