పెరటి మట్టిలో సీసం: మొక్కకు ఏమవుతుంది, మనం ఏం చేయాలి

తోటకూర ఏపుగా ఉంది కదా, మట్టి మంచిదే అనుకోవడం సీసం విషయంలో చెల్లదు. కిలో మట్టిలో 400, 500 మిల్లీగ్రాముల సీసం ఉన్నా చాలా మొక్కలు మామూలుగానే పెరిగి, పూసి, కాస్తాయి. మొక్క కుంగిపోయేంత సీసం చేరే వేళకి ఆ పెరట్లో ఆడుకునే పిల్లలకు నష్టం ఎప్పుడో మొదలై ఉంటుంది. ఒంట్లో ఇంత వరకు సీసం ఉన్నా పరవాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందుకని ముందు స్థలాన్ని అనుమానించాలి, తర్వాత పరీక్ష చేయించాలి. ఏం వెయ్యాలి, ఏం పండించాలి అన్నవి ఆ తర్వాత.

ఏ పెరటిని అనుమానించాలి

ఏ మట్టిలోనైనా సహజంగా కిలోకు సుమారు 10 నుంచి 50 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న కొలతనే ల్యాబు కాగితం మీద పీపీఎం అని రాస్తారు. అంతకు బాగా మించితే చాలావరకు మనుషులు తెచ్చి పోసినదే.

మొదట చూడాల్సింది పాత పెయింటు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ పూతల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో, సీసం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. గడపకు ఏటా పసుపు ఎనామెల్ వేసి, పండగ ముందు పాత పూత గీకి వాకిట్లోకి ఊడ్చేసే ఇల్లు ఏదైనా, ఆ గడప ముందు మూడడుగుల మేర మట్టిని విడిగా పరీక్షించాలి. పెంకుటింటికి చూరు నీళ్ళు పడే గీత వెంట కూడా ఇదే సంగతి. తలుపులు, కిటికీలు, దూలాల నుంచి రాలిన పొట్టు వానతో జారి ఆ గీత దగ్గరే ఆగుతుంది.

రెండోది పెద్ద రోడ్డు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అంతకు ముందు దశాబ్దాల పాటు పొగలోంచి పడిన సీసం మాత్రం పడిన చోటే ఉంటుంది. సీసం కుళ్ళదు, ఆవిరి కాదు, లోపలికి కూడా పెద్దగా దిగదు. భోగాపురం నుంచి రణస్థలం, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వరకు పాత హైవే వెంబడి ఉన్న ఇళ్ళలో, రోడ్డు అంచుకు పది ఇరవై మీటర్ల లోపు దున్నని మట్టి ఉంటే చూసుకోవడం మంచిది.

మూడోది బ్యాటరీలు. ఆటో, ట్రాక్టరు, ఇన్వర్టరు బ్యాటరీలు విప్పిన చోటు, ప్లేట్లు కొట్టిన చోటు, యాసిడ్ పారబోసిన చోటు అన్నిటికంటే ప్రమాదం. యాసిడ్ మట్టిని ఆమ్లంగా మార్చి సీసాన్ని కరిగే రూపంలోకి తెస్తుంది. తీర గ్రామాల్లో విసురు వల అంచుకు కట్టే సీసం గుండ్లను ఇంటి దగ్గర కరిగించి పోసుకునే పొయ్యి చుట్టూ కూడా ఇదే అనుమానం పెట్టుకోవాలి. చిందిన చుక్కలు, పైన తేలితే తీసి పారేసిన మడ్డి, పొగతో పడిన ధూళి అక్కడే ఉంటాయి.

మొక్క లోపల జరిగేది

సీసం మొక్కకు ఏ విధంగానూ అవసరం లేదు. అయినా కాల్షియం వెళ్ళే దారుల్లోంచే కొంత వేరులోకి చొరబడుతుంది. వేరు లోపలి పొర ఒకటి దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి చేరినదాంట్లో ఎక్కువ భాగం వేళ్ళ గోడలకే అంటుకుని ఆగిపోతుంది. కొద్దిగా కాండానికి, ఇంకా కొద్దిగా ఆకులకు వెళ్తుంది. కాయలకు, గింజలకు చేరేది అతి తక్కువ. ముల్లంగి కంటే వంగ, బెండ, దొండ, మునగ మేలు అనడానికి కారణం ఇదే.

సీసం మరీ ఎక్కువైన చోట ముందు దెబ్బతినేది మొక్క వేరు. పొడవు పెరగదు, పిల్లవేళ్ళు తగ్గుతాయి, కొనలు మొద్దుబారి గోధుమ రంగుకు తిరుగుతాయి. మొలక శాతం పడిపోతుంది. మెగ్నీషియం, ఇనుము అందక ఆకు పాలిపోతుంది. పత్రహరితం తయారయ్యే తొలి మెట్లలో పనిచేసే ఎంజైము ఒకదాన్ని సీసం అణచివేస్తుంది. మన ఒంట్లో రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారయ్యేదీ అదే రకం ఎంజైముతో, అక్కడా సీసం చేసేది అదే పని.

కానీ ఆకు పసుపెక్కడం చూసి సీసం అని తేల్చడం కుదరదు. మన ఎర్ర ఇసుక నేలల్లో జింకు లోపం, ఇనుము లోపం, నీటి ఎద్దడి కూడా అలాగే కనిపిస్తాయి.

ఇంటికి వచ్చే సీసంలో ఎక్కువ భాగం మొక్క పీల్చుకున్నది కాదు, మొక్కకు అంటుకున్నది. లెక్క చూడండి. ఆకుకూరల్లో కిలోకు 0.3 మిల్లీగ్రాముల సీసం దాటకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల పరిమితి. 500 పీపీఎం ఉన్న మట్టిలో ఒక గ్రాముకు అర మిల్లీగ్రాము సీసం ఉంటుంది. అంటే కిలో తోటకూరకు 0.6 గ్రాముల మట్టి, అంటే రెండు వేళ్ళకు అందే చిటికెడు, అంటుకుని ఉంటే చాలు, పరిమితి నిండిపోయినట్టే. వాన చినుకులకు ఎగిరి ఆకు అడుగున అంటుకునే మట్టి అంతకు తక్కువేమీ ఉండదు. వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టే తోటకూర, మట్టి మీదే పాకే పుదీనా, బచ్చలి, ఆకు ముడతల్లో ధూళి దాచుకునే పాలకూర ముందు జాగ్రత్త పడాల్సినవి.

మట్టి తీసి పంపడం

సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవి పన్నెండు అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), లవణాలు, సేంద్రియ కర్బనం. సీసం అందులో లేదు. కార్డు బాగుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. పీహెచ్, కర్బనం అంకెలు మాత్రం తర్వాత పనికొస్తాయి, కార్డు దాచుకోండి.

సీసానికి ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబును చూసుకోవాలి. "మొత్తం సీసం, మట్టిని ఆమ్లంలో కరిగించి, కిలో ఎండు మట్టికి మిల్లీగ్రాముల్లో" అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. జింకు, ఇనుముకు చేసే డీటీపీఏ పద్ధతిలోనే, అంటే మొక్కకు అందే భాగాన్ని మాత్రం లాగే మందుతోనే, సీసం కూడా చూసి పంపితే అంకె చాలా చిన్నదిగా వస్తుంది. అది మొత్తంలో ఒక ముక్కే. పిల్లాడు నోట్లో పెట్టుకున్న మట్టిలో ఎంత సీసం ఉందో అది చెప్పదు.

పాదులు వేసే చోట 15 సెంటీమీటర్ల లోతు వరకు, పిల్లలు ఆడే చోట పై 3 నుంచి 5 సెంటీమీటర్లు మాత్రమే తీయాలి. ఒక్కో భాగంలో 8 నుంచి 10 చోట్ల పైచెత్త పక్కకు తోసి, ఇంగ్లిషు వి ఆకారంలో గుంట తీసి, గోడ అంచు నుంచి పలుచటి చెక్కలా మట్టి గీకి ప్లాస్టిక్ టబ్బులో వేయండి. పెయింటు వేసిన బకెట్టు వాడకండి. బాగా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేయండి. అర కిలో మిగిలేవరకు ఇలాగే. నీడలో ఆరబెట్టి, సంచి మీద చోటు, లోతు, తేదీ రాయండి.

చూరు కింది మట్టిని, గడప ముందరి మట్టిని, పెరటి మధ్య మట్టిని ఎప్పుడూ ఒకే సంచిలో కలపకండి. సమానంగా కలిపితే 1,200 ఉన్న చోటు, 40 ఉన్న చోటు కలిసి 620గా వస్తాయి. ఆ అంకె రెండు చోట్లకూ అబద్ధమే.

అంకె వచ్చాక

అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ళ మట్టికి పరిశీలన హద్దును 2024 జనవరిలో 400 నుంచి 200 పీపీఎంకు తగ్గించింది. పెరటి సాగుకు పనికొచ్చే మెట్లు ఇలా పెట్టుకోవచ్చు. 100 లోపు ఉంటే ఏదైనా పండించుకోండి, కడుక్కుని తినండి. 100 నుంచి 200 మధ్య అయితే ఆకుకూరలకు నేల కప్పాలి, దుంపలు తొక్క తీసి వండాలి. 200 నుంచి 400 మధ్య ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్, చామ, కంద ఆ మట్టిలో వద్దు. వంగ, బెండ, టమాటా, పందిరి మీద పాకే బీర, దొండ, ఆనప చాలు. 400 దాటితే నేల మీద నేరుగా తిండి పంట ఏదీ వద్దు, ఎత్తు మడులు కట్టాలి. వెయ్యి దాటితే తవ్వడం కూడా ఆపి, కప్పేసి, పిల్లల్ని అటు పోనివ్వకుండా నిపుణుల్ని పిలవాలి.

మట్టిని సరిచేయడం

సీసాన్ని మట్టిలోంచి తీయడం మన చేతిలో లేదు. కదలకుండా కట్టేయడం ఉంది.

మొదటి పని పీహెచ్. 6.5 నుంచి 7 మధ్య ఉంటే సీసం గట్టిగా పట్టుకుని ఉంటుంది. 5.5 దిగితే కరగడం పెరుగుతుంది. ఎర్ర చెలక నేలల్లో ఏళ్ళ తరబడి యూరియా, అమ్మోనియం సల్ఫేటు వేసిన చోట పీహెచ్ అలా దిగుతుంది. పీహెచ్ 5.5 దగ్గర ఉన్న ఇసుక చెలకకు సెంటుకు 6 నుంచి 8 కిలోల వ్యవసాయ సున్నం, అంటే సున్నపురాయి పొడి, చల్లి పై ఆరంగుళాల మట్టిలో కలిపి తడపండి. గుల్ల సున్నం ఘాటు ఎక్కువ కాబట్టి అందులో సగం చాలు, నాటడానికి మూడు నాలుగు వారాల ముందే వేయాలి. వేరుశనగకు వేసే జిప్సం ఇక్కడ పనిచేయదు, దాంతో పీహెచ్ పెరగదు. పీహెచ్ ముందే 7 ఉంటే సున్నం అసలు వద్దు, ఉన్న జింకు, ఇనుము కూడా అందకుండా పోతాయి.

రెండోది కంపోస్టు. బాగా మాగిన పశువుల ఎరువు మూడంగుళాల మందాన వేయాలి. సెంటు స్థలానికి ఇది సుమారు 109 ఘనపుటడుగులు, దాదాపు ఒక ట్రాక్టరు లోడు. ఒక గంప చల్లి సరిపెట్టుకుంటే ఏమీ మారదు. సేంద్రియ పదార్థం సీసాన్ని పట్టుకుంటుంది, మట్టి ఎగరకుండా తడి నిలుపుతుంది. ఏటా కరిగిపోతుంది కాబట్టి ఏటా ఒక అంగుళమైనా వేస్తూ ఉండాలి.

మూడోది భాస్వరం. ఫాస్ఫేటుతో కలిసి సీసం పైరోమార్ఫైట్ అనే, దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది. దీనికోసం సూపర్ ఫాస్ఫేటు ఎరువు బస్తాలకు బస్తాలు పోయడం మాత్రం తప్పు. మిగిలిన భాస్వరం వానకు చెరువులోకి చేరి నాచు పెంచుతుంది. మట్టిలో ఆర్సెనిక్ ఉంటే దాన్ని కదిలిస్తుంది. పంటకు సిఫారసు చేసిన మోతాదు వేసి, మిగతా భారం కంపోస్టు మీద పెట్టండి.

పొద్దుతిరుగుడు, ఆవాలు నాటితే అవే సీసాన్ని పీల్చేస్తాయన్న సలహా బాగా తిరుగుతోంది. ఒక సెంటులో ఆరంగుళాల లోతు మట్టి సుమారు 8,500 కిలోలు. 500 పీపీఎం చొప్పున అందులో 4 కిలోలకు పైగా సీసం ఉంటుంది. మంచి పొద్దుతిరుగుడు పంటకు సెంటుకు 40 కిలోల ఎండు చొప్ప వచ్చిందనుకుందాం, కిలోకు 50 మిల్లీగ్రాములు ఎక్కిందనే అనుకుందాం. పంటకు బయటికి వెళ్ళేది 2 గ్రాములు. 200కి దింపాలంటే పన్నెండు వందల పంటలు పైనే కావాలి. సీసం త్వరగా ఎక్కాలని, దాన్ని కరిగించే ఈడీటీఏ అనే రసాయనం పోయమనే వాళ్ళ మాట అసలే వినకండి. కరిగిన సీసాన్ని వాన కిందికి లాగుతుంది. తీరం ఇసుక నేలల్లో బావి నీళ్ళు ఎంతో లోతున ఉండవు.

ఎత్తు మడి

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉంటే 32 ఘనపుటడుగుల నింపుడు పడుతుంది. రెండు పాళ్ళు మంచి మట్టి, ఒక పాలు కంపోస్టు. అడుగున నీరు దిగే మందపాటి జియో టెక్స్‌టైల్ గుడ్డ పరచండి. ప్లాస్టిక్ పట్టా వేస్తే నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. అంచుకు పాత రంగు తలుపు చెక్కలు వాడొద్దు, ఇటుకలు పెట్టండి. తెచ్చే మట్టిని కూడా పరీక్షించండి. ఊరి మురుగు చేరే చెరువు పూడిక, రోడ్డు పక్క కాలువ మట్టి చూడ్డానికి నల్లగా సారంగా ఉన్నా పనికిరావు. మడుల మధ్య దారిని కొబ్బరి పొట్టుతోనో గరికతోనో కప్పకపోతే, గాలికి వాటి దుమ్ము మళ్ళీ మడి మీదికే వస్తుంది.

మిగతా పాదుల్లో వరిగడ్డి రెండు మూడంగుళాలు పరచండి, చినుకు మట్టిని కొట్టకుండా అదే ఆపుతుంది. వాకిలి పొడిగా ఊడవకండి, కళ్ళాపి చల్లాకే ఊడవండి. నాటుకోళ్ళను చూరు కింద, పాత పొయ్యి దగ్గర గీకనివ్వకండి. మట్టిలోని సీసం గుడ్డులోకి వస్తుంది.

కోత, వంటిల్లు

ఆకుకూరను పీకకుండా కత్తితో కోయండి, అడుగు ఆకులు రెండు వరసలు వదిలేయండి. లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపి ముంచి, ఆకు అడుగు భాగం వేళ్ళతో రుద్ది, రెండు సార్లు మంచినీళ్ళలో జాడించండి. ఇది అంటుకున్నదాన్నే తీస్తుంది, లోపలికి ఎక్కినదాన్ని కాదు. ఉడికించినా సీసం పోదు. పెరట్లో పనిచేసిన చెప్పులు గుమ్మం బయటే విడవాలి. అంకె 400 దాటిన ఇంట్లో ఆరేళ్ళ లోపు పిల్లలుంటే వారి రక్తంలో సీసం పరీక్ష డాక్టరుతో రాయించుకోండి. రోగ లక్షణాలు కనిపించే దాకా ఆగకండి.

కలుషిత పాదుల్లోని వేళ్ళు, దుంపలు కంపోస్టు కుప్పలో వేయకండి, కాల్చకండి. రెండేళ్ళకోసారి అవే చోట్ల మళ్ళీ మట్టి తీసి పంపండి. అందుకు మొదటి సారే పెరటి బొమ్మ గీసి గుంటలు తీసిన చోట్లు గుర్తు పెట్టుకోవాలి. తుపాను వానకు పెరట్లో నీరు పారిందంటే రెండేళ్ళ దాకా ఆగకండి. మట్టి కొట్టుకొచ్చి పేరుకున్న పల్లం చోటును విడి సంచిలో పంపండి.