కాస్టీల్ రాజుల గొడవలు గుర్తుండాలంటే ఒక్క పేజీ చాలు

మధ్యయుగ స్పెయిన్, అందులోనూ కాస్టీల్ రాజ్యం చదువుతుంటే పేర్ల దగ్గరే తల తిరుగుద్ది, ఎవరిని చూసినా అల్ఫోన్సో, ఎన్రికే, పెడ్రో. హన్మకొండ రూమ్‌లో నేను వంశవృక్షం ఎలా గీశానో చెప్తా. లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి, పైన మధ్యలో 11వ అల్ఫోన్సో అని రాయండి. 1350లో జిబ్రాల్టర్ ముట్టడిలో ప్లేగుతో పోయాడు. ఎడమవైపు భార్య, పోర్చుగల్ మరియా. కుడివైపు ఉంపుడుగత్తె లియొనోర్ దె గుజ్మాన్. తల్లి పేరు లేకుండా పిల్లల పేర్లు రాయొద్దు, గొడవంతా అక్కడే ఉంది.

మరియా కొడుకు పెడ్రో గద్దెనెక్కాడు, మరుసటి ఏడాదే లియొనోర్‌ను చంపించారు. ఆమె కొడుకు ఎన్రికే (వయసులో పెడ్రో కంటే కొన్ని నెలలు పెద్దే) ఫ్రాన్స్ నుంచి కిరాయి సైన్యం తెచ్చుకుని, ఏళ్ల తరబడి కొట్లాడి, 1369లో మోంటియెల్ దగ్గర తమ్ముణ్ని చంపి రాజయ్యాడు.

ఇప్పుడు ఎర్ర పెన్ను తీయండి. 1388లో పెడ్రో కూతురి కూతురు కాతలీనాకూ ఎన్రికే మనవడికీ పెళ్లి, రెండు వైపులూ కలిపేయండి. ఆడపిల్లల గీతలు వదిలేస్తే ఇది దొరకదు. మన ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కూతురి కొడుకే కదా. ఆ ఎర్ర గీత 1474లో కాస్టీల్ రాణి అయిన ఇసబెల్లా దాకా పోతుంది. పక్క రాజ్యం అరగాన్‌కు మాత్రం వేరే పేజీ పెట్టుకోండి, ఇందులోనే ఇరికిస్తే మళ్లీ మొదటికొస్తది.