విశాఖ ఉప్పుగాలిలో బేస్ గిటార్: ఎలా కొనాలి, ఎలా చూసుకోవాలి?

బీచ్ రోడ్డు పక్క ఇళ్ళలో కిటికీ గ్రిల్లు ఎంత త్వరగా తుప్పు పడుతుందో విశాఖ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బేస్ గిటార్ తీగలూ, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) స్క్రూలూ పీల్చేది ఆ గాలినే. కొన్న ఆర్నెల్లకే "సౌండ్ చచ్చిపోయింది, వేరే బేస్ కొనాలి" అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. అలాంటి బేస్‌కి చాలాసార్లు కొత్త తీగలు వేసి, నెక్ (పొడవాటి మెడ) లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీ నట్టు పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.

కొనేటప్పుడు

మొదటి బేస్‌కి నాలుగు తీగలు చాలు. లావు తీగ నుంచి వరుసగా ఇ, ఏ, డి, జి. ఐదో తీగ (లో బి, అంటే ఇ కన్నా కింది బి స్వరం) మోగేది సుమారు 31 హెర్ట్జ్ దగ్గర. చిన్న ప్రాక్టీస్ యాంప్‌లో ఆ స్వరం సరిగ్గా వినపడదు, పైగా దాన్ని మోగకుండా ఆపడం ఇంకో పని. చర్చిలో కీబోర్డు వాయించేవారు గాయకుల గొంతుని బట్టి పాట శ్రుతి మారుస్తూ ఉంటారు కాబట్టి అక్కడ మాత్రం ఐదు తీగలు ఉపయోగపడతాయి. స్కేలు పొడవు, అంటే తీగలో మోగే భాగం పొడవు, 34 అంగుళాలు మామూలు. పదేళ్ళ పిల్లలకు 30 అంగుళాల షార్ట్ స్కేలు నయం.

పికప్పుల్లో (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు) ప్రధానంగా రెండు రకాలు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్‌కి ఇప్పుడు రెండు ముక్కలుగా కనిపించే ఒకే పికప్ ఉంటుంది, శబ్దం నిండుగా వస్తుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు విడి పికప్పులు. రెండు వాల్యూములూ సమానంగా ఉంటే హమ్ (గుయ్‌మనే కరెంటు మోత) రాదు, ఒకటి తగ్గిస్తే వస్తుంది. అది పాడైందని కంగారు పడొద్దు, ఆ పికప్ తీరే అంత. రెండు రకాలూ కలిసి ఉండే యమహా టిఆర్‌బిఎక్స్ 174, ఐబనేజ్ జిఎస్ఆర్ 200 లాంటివి మొదటి బేస్‌గా ధైర్యంగా తీసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ అయితే బాడీ మీద గీతలు పట్టించుకోకండి. బేరానికి పనికొస్తాయి, అంతే. చూడాల్సినవి ఇవి:

1. బేస్‌ని కంటి దగ్గర పెట్టి, తల వైపు నుంచి బాడీ వైపు నెక్ అంచుల వెంట చూడండి. ముందుకో వెనక్కో కొద్దిగా వంగితే ఫర్వాలేదు. తాడులా మెలి తిరిగితే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి, దాన్ని ట్రస్ రాడ్ సరిచేయలేదు.
2. ట్రస్ రాడ్ నట్టులో అలెన్ కీ గట్టిగా కూర్చుంటుందో లేదో చూడండి. నట్టు మూలలు అరిగిపోయి ఉంటే రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతుంది.
3. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గరా ఒక్కో స్వరం వాయించండి. జి తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ మధ్య ఒక స్వరం తొందరగా ఆరిపోవడం ఫెండర్ తరహా బేస్‌లలో మామూలే. అది ఎంత ఉందన్నదే చూసుకోవాలి.
4. బ్రిడ్జి మీద శాడిల్ (ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూలు బిగుసుకోకుండా తిరుగుతున్నాయా? మన ఊళ్ళో పాత బేస్‌లు ముందు దెబ్బతినేది ఇక్కడే.
5. యాంప్‌కి పెట్టి నాబ్‌లన్నీ తిప్పండి. గరగర అంటే ఎలక్ట్రానిక్స్‌కి వాడే కాంటాక్ట్ క్లీనర్ కొడితే తరచూ పోతుంది. జాక్ కదిపినప్పుడు శబ్దం తెగితే టంకం ఊడి ఉండొచ్చు, లేదా సాకెట్ వదులై ఉండొచ్చు. రెండూ చిన్న పనులే.

తుప్పు పట్టకుండా

చెమటలోనూ సముద్రపు గాలిలోనూ ఉన్న ఉప్పు తీగ మీద చేరి గాలిలోని తేమను లాక్కుంటుంది. బేస్ తీగ అంటే లోపలి తీగ మీద చుట్టిన చుట్ల వరస. ఆ సందుల్లో మురికి, తుప్పు చేరితే తీగ సరిగ్గా కంపించదు, మెరుపు పోయి మొద్దుగా మోగుతుంది, శ్రుతి కూడా నిలవదు.

వాయించే ముందు చేతులు కడుక్కోండి. అయిపోయాక పాత బనియన్ గుడ్డతో ఒక్కో తీగనీ పైనా కిందా తుడవండి. ఎక్కువమంది మరిచిపోయేది కిందివైపే. తర్వాత బేస్‌ని స్టాండు మీద వదలకుండా బ్యాగులో పెట్టి, రెండు మూడు సిలికా జెల్ ప్యాకెట్లు వేసి జిప్ మూయండి. రంగు మారే రకం జెల్ అయితే రంగు మారగానే మార్చేయండి. వానాకాలంలో చెమ్మ పట్టే గోడకు ఆనించొద్దు. ఎండలో నిలిపిన కారులో అసలే వదలొద్దు. ఏసీ గదిలో చల్లబడ్డ బేస్‌ని బయటికి తెచ్చిన వెంటనే బ్యాగు తెరిస్తే లోహపు భాగాల మీద నీరు పడుతుంది. అరగంట మూసే ఉంచండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు నికెల్ పూత వాటికన్నా తుప్పుకి బాగా తట్టుకుంటాయి, కానీ వేలికి గరుకుగా ఉంటాయి, ఫ్రెట్లని కాస్త ఎక్కువ అరగదీస్తాయి. చేతికి చెమట ఎక్కువ పట్టేవాళ్ళకు పూత వేసిన తీగలు ధర ఎక్కువైనా గిట్టుబాటే. చుట్లు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగల్లో మురికి చేరే సందులు తక్కువ కాబట్టి అవి చాలాకాలం నడుస్తాయి, కాకపోతే స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టే పద్ధతి) వాయించేవారికి రుచించవు.

ఫ్రెట్‌బోర్డు రోజ్‌వుడ్ అయితే ఏడాదికోసారి లెమన్ ఆయిల్ నాలుగు చుక్కలు రాసి, ఐదు నిమిషాలాగి తుడిచేస్తే చాలు. లెమన్ ఆయిల్ అంటే నిమ్మరసం కాదండోయ్, ఆ ప్రయోగం చేయకండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె కూడా వద్దు, జిగటై దుమ్ము పట్టుకుంటుంది. లక్క పూత ఉన్న మేపుల్ బోర్డుకి ఏ నూనే అక్కర్లేదు.

తీగలు మార్చడం

45-65-85-105 సెట్టు మామూలు (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). నాలుగు తీగలూ కలిసి నెక్‌ని సుమారు 70-80 కిలోల బలంతో లాగుతుంటాయి. అందుకే మందం మారిస్తే సెట్టింగు మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది.

కొత్త తీగని బ్రిడ్జిలోంచి దూర్చేటప్పుడు మెలి తిరగనివ్వకండి. మెలి పడిన తీగ ఎంత శ్రుతి చేసినా తప్పుగానే పలుకుతుంది. ఆ తీగని చుట్టే శ్రుతి మేకు దాటాక 10-12 సెంటీమీటర్లు వదిలి, ముందు ఆ చోట తీగని 90 డిగ్రీలు వంచి, వంపు దాటాక కత్తిరించండి. వంచకుండా కోస్తే పై చుట్టు జారి విడిపోతుంది. కొసను మేకు మధ్య రంధ్రంలోకి దింపి, గాడిలో వంచి, పైనుంచి కిందికి రెండు మూడు చుట్లు వచ్చేలా బిగించండి. నట్ (నెక్ తల దగ్గర తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గరా శాడిల్ దగ్గరా తీగని వేలితో ఒకసారి నొక్కితే అక్కడ నిటారుగా కూర్చుంటుంది.

సెట్టింగు: వరుస తప్పొద్దు

ఎక్కువ చెడేది ఇక్కడే. తీగ ఎత్తు ముందు తగ్గించి, తర్వాత నెక్ తిప్పితే చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. ముందు శ్రుతి, తర్వాత నెక్, ఆ తర్వాత ఎత్తు, చివర్న ఇంటనేషన్ (పై ఫ్రెట్లలోనూ స్వరం సరిగ్గా పలికేలా చూడటం).

నెక్ వంపు కొలవడానికి 1వ ఫ్రెట్ మీద కేపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఇ తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. 7-8 ఫ్రెట్ల దగ్గర తీగ అడుగుకీ ఫ్రెట్‌కీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, అంటే మామూలు విజిటింగ్ కార్డు మందం. ఎక్కువుంటే ట్రస్ రాడ్ నట్టుని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి, తక్కువుంటే వెనక్కి తిప్పాలి. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. బిగించే ముందు తీగలు కాస్త వదులు చేసి, తర్వాత శ్రుతి చేసి మళ్ళీ కొలవండి. నట్టు మొండికేస్తే బలం వాడకండి, టెక్నీషియన్‌కి ఇవ్వండి. తేమకు కొన్ని నెక్‌లు ఇటు, కొన్ని అటు కదులుతాయి కాబట్టి జూన్‌లో వానలు మొదలయ్యాక ఒకసారి, చలిగాలి తిరిగాక ఒకసారి కొలిచి చూడటం మంచిది.

తీగ ఎత్తు 17వ ఫ్రెట్ దగ్గర ఇ కింద 2.4 మిల్లీమీటర్లు, జి కింద 2. వేళ్ళతో గట్టిగా మీటేవాళ్ళు కొంచెం పెంచుకోవాలి. టరటర మోగితే ఎక్కడ మోగుతోందో చూడండి. మొదటి ఐదు ఫ్రెట్లలో అయితే నెక్ మరీ నిటారుగా ఉంది. పై ఫ్రెట్లలో అయితే తీగ కిందికి దిగింది, లేదా నెక్ వంపు ఎక్కువైంది. నొక్కకుండా వాయించినప్పుడే మోగితే నట్ గాడి లోతైంది. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గరైతే ఆ ఫ్రెట్‌నో పక్క ఫ్రెట్‌నో సమం చేయించాలి.

ఇంటనేషన్‌కి కొత్త తీగలే ఉండాలి. 12వ ఫ్రెట్ మీద వేలు ఊరికే తాకించి మీటే హార్మోనిక్‌నీ, నొక్కి వాయించిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది హెచ్చుగా ఉంటే శాడిల్‌ని నెక్‌కి దూరంగా, తగ్గుగా ఉంటే దగ్గరగా జరపాలి. జరిపేటప్పుడు తీగ వదులు చేస్తే స్క్రూ తల అరగదు. స్క్రూ తుప్పుతో బిగుసుకుంటే అగ్గిపుల్లతో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె అంటించి రాత్రంతా ఉంచండి. నూనె కర్రకీ తీగకీ తగలనివ్వొద్దు.

చెయ్యి, యాంప్

కుడి బొటనవేలు పికప్ మీద ఆన్చి, చూపుడు, మధ్య వేళ్ళతో మారుస్తూ మీటండి. మోగకూడని తీగల్ని ఆపడం నేర్చుకోకపోతే ఎంత మంచి బేస్ అయినా బురదలా వినిపిస్తుంది. 5వ ఫ్రెట్ లోపు ఫ్రెట్‌కో వేలు సాచితే మణికట్టు నొప్పెడుతుంది. అక్కడ చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో మూడు ఫ్రెట్లే పట్టుకోండి, ఉంగరపు వేలు చిటికెనకు తోడుగా ఉంటుంది. 6/8 (ఆరు దెబ్బల) నడకలో 1, 4 దెబ్బలు డ్రమ్మర్ కాలితో కొట్టే కిక్‌తో కలిస్తే చాలావరకు పని అయినట్టే.

ఇంట్లో 15-30 వాట్ల బేస్ యాంప్ సరిపోతుంది. లీడ్ గిటార్ యాంప్‌లో బేస్‌ని గట్టిగా వాయిస్తే స్పీకర్ చిరిగిపోవచ్చు. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే వాయించాక జాక్ తీసేయండి, పెట్టి ఉంచితే 9 వోల్టుల బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

ఫంక్షన్ హాళ్ళలో మాత్రం ఎర్త్ సంగతి ముందు చూసుకోండి. హమ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరిచేసేవాళ్ళున్నారు, ఆ పని ప్రాణం మీదకి తెస్తుంది. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గితే బేస్ లోపల షీల్డింగ్ (బయటి కరెంటు మోతను ఆపే పొర) తక్కువని లెక్క. ముట్టుకున్నా ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జి కిందికి వెళ్ళే ఎర్త్ వైరు ఊడిందేమో చూడాలి. మైక్‌కి పెదవి తగలగానే జివ్వుమంటే వాయించడం ఆపి, మిక్సర్‌కీ యాంప్‌కీ ఎర్త్ సరిగ్గా ఉన్న ఒకే బోర్డు నుంచి కరెంటు ఇమ్మని సౌండ్ వాళ్ళకి చెప్పండి.